పంపినవాళ్లే లేకపోతే రాయబారి ఎవరి మనిషి?

2021 ఏప్రిల్ 7 సాయంత్రం లండన్‌లో మయన్మార్ రాయబారి క్యా జ్వార్ మిన్ సొంత ఎంబసీ ముందే రోడ్డు మీద నిలబడిపోయారు. బయటికెళ్లి వచ్చేసరికి లోపలివాళ్లు తలుపులేసుకున్నారు. వేయించింది ఎవరో బయటివాళ్లు కాదు, అదే ఎంబసీలో సైన్యం తరఫున పనిచేసే అధికారి, మిలిటరీ అటాషే. ఆ రాత్రి ఆయన కారులోనే గడిపారు. ఆయన చేసిందల్లా, ఆ ఏడాది ఫిబ్రవరి 1న సైన్యం ఆంగ్ సాన్ సూచీ ప్రభుత్వాన్ని కూలదోశాక, ఆమెను విడుదల చేయండి అని మార్చిలో బహిరంగంగా అడగడం. బ్రిటన్ సైనిక కుట్రను గట్టిగా ఖండించింది, ఈయన ధైర్యాన్ని మెచ్చుకుంది, కానీ ఆయన పదవి ముగిసిందంటూ సైనిక ప్రభుత్వం పంపిన నోటీసు వచ్చాక మాత్రం దాన్ని ఒప్పుకుని ఊరుకుంది.

అదే దేశం, అదే కుట్ర, ఇంకో రాయబారి. ఐక్యరాజ్యసమితిలో మయన్మార్ శాశ్వత ప్రతినిధి క్యా మో తున్ ఫిబ్రవరి 26న జనరల్ అసెంబ్లీలో, సైన్యం మీద అవసరమైన ఏ చర్యకైనా వెనకాడొద్దని ప్రపంచ దేశాలను కోరి, చివర్లో మూడు వేళ్లు పైకెత్తి నిరసన తెలిపారు. మర్నాడే సైన్యం ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేసింది. అయినా ఆయన కుర్చీ కదల్లేదు. ఎందుకంటే అక్కడ ఎవరి అధికార పత్రాలు చెల్లుతాయో తేల్చేది తొమ్మిది దేశాల కమిటీ, ఆ కమిటీ 2021 డిసెంబర్‌లో 'ఇప్పుడు తేల్చం' అని వాయిదా వేసింది, తర్వాతి ఏళ్లలోనూ వాయిదాలే. వాయిదా పడినన్నాళ్లూ పాత మనిషే కొనసాగుతాడు.

ఇద్దరి ధైర్యంలో తేడా ఏమీ లేదు. న్యూయార్క్ మనిషికి ప్రాణభయం కూడా ఉంది, ఆయన మీద దాడికి పథకం వేశారంటూ ఆ ఆగస్టులో అమెరికా ఇద్దరిని అరెస్టు చేసింది. దౌత్యవేత్తల గురించి రాసేటప్పుడు మనం మనస్సాక్షి, విధేయత, రాజీనామా లాంటి పెద్ద మాటలు వాడతాం. అవి అబద్ధమని కాదు. కానీ స్వదేశంలో అధికారం తారుమారైనప్పుడు బయట ఉన్న రాయబారి చరిత్రలోకి ఎక్కుతాడా, లేక పెట్టె సర్దుకుని వేరే దేశంలో ఆశ్రయం కోసం దరఖాస్తు పెట్టుకుంటాడా అన్నది చాలాసార్లు ఆయన చేతిలో ఉండదు, ఆయన్ని పంపిన దేశం చేతిలో కూడా ఉండదు. ఆయన ఎవరి గడ్డ మీద కూర్చున్నాడో వాళ్ల చేతిలో ఉంటుంది.

ఇది అర్థం కావాలంటే రాయబారి ఉద్యోగం ఎలా మొదలవుతుందో చూడాలి. ముందు పేరు పంపి, అవతలి దేశం సరేనన్నాక నియమిస్తారు. తర్వాత ఆయన తన దేశాధినేత సంతకం పెట్టిన లేఖ పట్టుకెళ్లి అక్కడి దేశాధినేతకు అందజేస్తారు. ఆ లేఖ సారాంశం ఒక్కటే, ఇతను మాట్లాడితే మేం మాట్లాడినట్టే. అంటే ఈ ఉద్యోగంలో చేరడానికి రెండు దేశాల ఒప్పుదల కావాలి, కొనసాగడానికీ కావాలి. దౌత్య సంబంధాల మీద 1961లో కుదిరిన వియన్నా ఒప్పందం ప్రకారం ఆతిథ్య దేశం ఏ కారణమూ చెప్పకుండానే ఎవరినైనా 'పర్సోనా నాన్ గ్రాటా', అంటే మాకు అక్కర్లేని మనిషి, అని పంపించేయవచ్చు, అది 9వ అధికరణం. మిగతా రక్షణలన్నీ గట్టివే. ఎంబసీలోకి అనుమతి లేకుండా పోలీసులు అడుగుపెట్టకూడదు, దౌత్యవేత్తను అరెస్టు చేయకూడదు. దూతను చంపకూడదని విభీషణుడు రావణుడికి చెప్పిన మాటే వియన్నాలో 29వ అధికరణం అయిందనుకోవచ్చు. కాకపోతే ఈ రక్షణ మనిషికి కాదు, పదవికి. పదవి పోతే సర్దుకుని వెళ్లడానికి కొంత గడువు ఉంటుంది, అంతే.

మరి లేఖ మీద సంతకం పెట్టినాయన జైల్లో ఉంటే? పారిపోతే? ఆ లేఖ ఇంకా చెల్లుతుందా? దీనికి ఒప్పందంలో సూటి జవాబు లేదు. దేశం అలాగే ఉంది, ప్రభుత్వమే మారింది కాబట్టి దౌత్య సంబంధాలు తెగవు. కొత్తవాళ్లు 'మా మనిషి ఇతను కాదు' అన్నప్పుడు ఆ మాటను లెక్కచేయాలా వద్దా అన్నది ఆతిథ్య దేశం తేల్చుకోవాలి. చాలా దేశాలు ఈ తలనొప్పి పడలేక పక్కదారి వెతుక్కున్నాయి. 1930లోనే మెక్సికో విదేశాంగ మంత్రి హెనారో ఎస్ట్రాడా, ఏ ప్రభుత్వం సక్రమమో మేం తీర్పు చెప్పం, మా దౌత్యవేత్తల్ని ఉంచుతాం లేదా వెనక్కి పిలుస్తాం, అంతవరకే అన్నాడు. బ్రిటన్ 1980లో ఇలాంటి పద్ధతికే వచ్చింది, ప్రభుత్వాలను గుర్తించం, దేశాలనే గుర్తిస్తాం అని. వినడానికి బాగానే ఉంటుంది. అసలు దెబ్బ 2021లో ఎంబసీ బయట నిలబడిన మనిషికి తగిలింది. తీర్పు చెప్పం అనడమంటే, రాజధానిలో తుపాకీ ఎవరి దగ్గరుంటే వాళ్ల నోటీసు చెల్లుతుందని చెప్పడమే.

దీనికి పూర్తిగా ఎదురు కథ 1971 కలకత్తాది. ఢిల్లీలోని పాకిస్తాన్ హైకమిషన్‌లో పనిచేసే ఇద్దరు బెంగాలీలు, కె.ఎం. షెహాబుద్దీన్, అంజదుల్ హక్, ఏప్రిల్ 6న పాకిస్తాన్ కొలువు వదిలి బంగ్లాదేశ్ పక్షం అని ప్రకటించారు. అప్పటికి ఆ దేశానికి ప్రభుత్వమే లేదు, ప్రవాస ప్రభుత్వం ఏర్పడిందే ఆ తర్వాత, ప్రమాణ స్వీకారం ఏప్రిల్ 17న. లేని ప్రభుత్వానికి దౌత్యవేత్తలుగా మారడమంటే ఎంత సాహసమో ఆలోచించండి. ప్రమాణ స్వీకారం జరిగిన మర్నాడు, ఏప్రిల్ 18న, కలకత్తాలో పాకిస్తాన్ డిప్యూటీ హైకమిషనర్ హుస్సేన్ అలీ తన బెంగాలీ సిబ్బంది మొత్తంతో, 60 మందికి పైగానే, పక్షం మారి అదే భవనం మీద పాకిస్తాన్ జెండా దించి బంగ్లాదేశ్ జెండా ఎగరేశారు. విదేశంలో బంగ్లాదేశ్‌కు మొదటి కార్యాలయం అదే.

ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, భారత్ అప్పటికి బంగ్లాదేశ్‌ను గుర్తించలేదు. గుర్తించింది డిసెంబర్ 6న. అంటే దాదాపు ఎనిమిది నెలలు ఆ భవనంలో కూర్చున్నవాళ్లకు కాగితం మీద ఏ హోదా లేదు. కాగితం ప్రకారం చూస్తే అది పాకిస్తాన్ ఆస్తి, ఖాళీ చేయించాలి. ఢిల్లీ అలా చూడదలుచుకోలేదు. హుస్సేన్ అలీ తర్వాత వాషింగ్టన్‌లో బంగ్లాదేశ్ రాయబారిగా పనిచేశారు. ఆయన తెగువను తక్కువ చేయడానికి కాదు కానీ, అదే పని ఆ ఏప్రిల్‌లో పాకిస్తాన్‌కు మిత్రదేశమైన ఏదో రాజధానిలో చేసి ఉంటే జెండా సంగతి దేవుడెరుగు, మర్నాడు ఆఫీసు గేటు కూడా తెరుచుకునేది కాదు.

ఆతిథ్య దేశం మనసు మారితే ఏమవుతుందో చూడాలంటే ఢిల్లీలోని అఫ్గాన్ ఎంబసీ ఒక్కటి చాలు, ఎందుకంటే అక్కడ ఒకే నాటకం రెండుసార్లు ఆడారు. 1996లో తాలిబన్ కాబూల్ పట్టుకున్నాక పాకిస్తాన్, సౌదీ అరేబియా, యూఏఈ మాత్రమే వాళ్లను గుర్తించాయి. ఐరాస కుర్చీ, ఢిల్లీ సహా చాలాచోట్ల ఎంబసీలు పాత రబ్బానీ ప్రభుత్వం చేతిలోనే ఉండిపోయాయి. ఢిల్లీలో ఆ ప్రభుత్వ రాయబారి మసూద్ ఖలీలీ. తాలిబన్‌తో పోరాడుతున్న సేనల నాయకుడు అహ్మద్ షా మసూద్‌ను 2001 సెప్టెంబర్ 9న బాంబుతో చంపినప్పుడు ఖలీలీ పక్కనే ఉండి తీవ్రంగా గాయపడి బతికారు. రెండు నెలల్లో తాలిబన్ కూలిపోయింది, ఐదేళ్లు నిలబెట్టిన ఎంబసీలకు మళ్లీ వెనక ఒక దేశం వచ్చింది.

2021 ఆగస్టు 15న కాబూల్ మళ్లీ తాలిబన్ చేతికి వచ్చినప్పుడు చాలామంది అఫ్గాన్ దౌత్యవేత్తలు ఇదే లెక్క వేసుకుని ఉంటారు. ఆగుదాం, గతంలోనూ ఆగాం కదా. పాత అఫ్గాన్ ప్రభుత్వపు మూడు రంగుల జెండా దించలేదు, కాబూల్ మాట వినలేదు. కానీ ఈసారి సరిహద్దుల్లో పోరాడే బలమైన వర్గం లేదు, ఆయుధాలిచ్చే దేశాలు లేవు, అన్నిటికన్నా ముఖ్యంగా ఆతిథ్య దేశాలకు ఓపిక లేదు. భారత్ 2022 జూన్‌లోనే కాబూల్‌కు సాంకేతిక బృందాన్ని పంపింది. ఢిల్లీ ఎంబసీలో సిబ్బంది తగ్గారు, డబ్బు తగ్గింది. చివరకు 2023 అక్టోబర్ 1 నుంచి పని ఆపేస్తున్నామని ప్రకటించారు, ఆతిథ్య దేశం నుంచి సాయం అందలేదని కూడా రాశారు. నవంబర్‌లో శాశ్వతంగా మూశారు. 2024 జూలైలో తాలిబన్ విదేశాంగ శాఖ యూరప్, కెనడా, ఆస్ట్రేలియాల్లోని 14 పాత ఎంబసీలు జారీ చేసే పత్రాలు ఇక చెల్లవంది. 2025 జూలైలో రష్యా తాలిబన్ ప్రభుత్వాన్ని అధికారికంగా గుర్తించింది, ఆ అక్టోబర్‌లో భారత్ తన కాబూల్ కార్యాలయాన్ని తిరిగి ఎంబసీ స్థాయికి పెంచింది.

ఆ 14 ఎంబసీల సంగతిలో ఇంకో చిన్న విషయం దాగుంది, దాన్ని బయటివాళ్లు పట్టించుకోరు. బయట ఉన్న ఎంబసీని బతికించేది ప్రసంగాలు కాదు, పాస్‌పోర్టులు. స్వదేశం నుంచి జీతాలు ఆగిపోయినప్పుడు కాన్సులర్ ఫీజులే అద్దె, కరెంటు బిల్లు, గుమస్తా జీతం. అక్కడున్న పౌరులకూ ఇదే అవసరం, పిల్లాడు పుట్టాడు, పాస్‌పోర్టు గడువు అయిపోయింది, పెళ్లి నమోదు చేయాలి. ఆ ఎంబసీ ముద్రను ఆతిథ్య దేశం ఇమిగ్రేషన్ వాళ్లు ఒప్పుకున్నంత కాలం ఎంబసీ ఉన్నట్టు. ఒప్పుకోకపోతే అది జెండా ఉన్న ఇల్లు. ఖాళీ పాస్‌పోర్టు పుస్తకాలు ముద్రించేది మాత్రం రాజధానిలో, అంటే ఎదుటివాళ్ల దగ్గర. స్టాక్ అయిపోయిన రోజున ఎంత పెద్ద వీరుడైనా చేయగలిగింది తక్కువ.

ఇప్పటిదాకా చెప్పినవి ఎదురుతిరిగినవాళ్ల కథలు. నిజానికి ఎక్కువమంది ఎదురు తిరగరు, రాజీనామా చేయరు, గాలి ఎటు తిరుగుతుందో చూస్తూ కూర్చుంటారు. దాన్ని వెంటనే పిరికితనం అనేయడం తేలిక. 1991 ఆగస్టు 19 పొద్దున సోవియట్ దౌత్యవేత్త స్థానంలో ఉండి చూస్తే అంత తేలిక కాదు. అధ్యక్షుడు గోర్బచోవ్ అనారోగ్యంతో ఉన్నారు, అధికారం అత్యవసర కమిటీ చేతిలో ఉంది అని మాస్కో నుంచి సందేశం. నిజమా, అబద్ధమా? ఆతిథ్య దేశానికి వెళ్లి ఈ మాట చెప్పాలా? చెప్తే కుట్రలో భాగస్వామి, చెప్పకపోతే ఆజ్ఞ ధిక్కారం. కుట్ర మూడు రోజుల్లో విఫలమైంది. ఒంట్లో బాగాలేదని తప్పుకున్న విదేశాంగ మంత్రి బెస్మెర్త్‌నిఖ్ ఉద్యోగం పోయింది, గోడ మీద పిల్లిలా ఉన్నాడని. ప్రాగ్‌లో రాయబారిగా ఉండి కుట్రను బహిరంగంగా వ్యతిరేకించిన బోరిస్ పాంకిన్‌ను ఆ నెలాఖరుకే విదేశాంగ మంత్రిని చేశారు. మంత్రి పదవి మూడు నెలలు కూడా నిలవలేదనుకోండి, ఆ తర్వాత లండన్‌కు రాయబారిగా వెళ్లారు. వెళ్లింది సోవియట్ రాయబారిగా, కొద్ది వారాలకే సోవియట్ యూనియన్ లేదు, అదే కుర్చీలో ఆయన రష్యా రాయబారి అయ్యారు.

ఆ డిసెంబర్‌లో జరిగిన మార్పిడి ఎంత సాఫీగా జరిగిందంటే ఆశ్చర్యం వేస్తుంది. సోవియట్ స్థానంలో ఇకపై రష్యా ఉంటుందని రష్యా అధ్యక్షుడు యెల్త్సిన్ డిసెంబర్ 24న ఐరాసకు లేఖ రాశారు, అందించింది అప్పటిదాకా సోవియట్ ప్రతినిధిగా ఉన్న యూలీ వొరొంత్సోవ్, ఆయనే మర్నాడు రష్యా ప్రతినిధి. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు కాబట్టి భద్రతా మండలి వీటో, ప్రపంచమంతటా ఉన్న ఎంబసీ భవనాలు చాలావరకు నేమ్‌ప్లేటు మార్పుతో సరిపోయాయి. అంతకు ఏడాది ముందు, 1990 అక్టోబర్ 3న, తూర్పు జర్మనీ దౌత్యవేత్తలకు దక్కింది వేరు. వందకు పైగా దేశాలతో సంబంధాలు నడిపిన ఆ విదేశాంగ శాఖ ఒక్క రాత్రిలో రద్దయింది, పశ్చిమ జర్మనీ వాళ్లను దాదాపుగా తీసుకోలేదు. అరబిక్, పోర్చుగీస్, వియత్నామీస్ నేర్చుకుని ఇరవై ఏళ్లు పనిచేసినవాళ్లు నిరుద్యోగులయ్యారు. వాళ్ల తప్పు ఏమీ లేదు, కొత్త దేశానికి ఇప్పటికే ఒక విదేశాంగ శాఖ ఉంది, అంతే. చెకొస్లొవేకియా 1993లో విడిపోయినప్పుడు ఆస్తులను రెండుకు ఒకటి చొప్పున పంచుకున్నారు, ఎంబసీ భవనాలతో సహా. అన్నదమ్ముల పంపకంలా, పెద్ద గొడవ లేకుండా.

ఇక నాణేనికి రెండో వైపు, స్వదేశం బాగానే ఉంది, ఆతిథ్య దేశమే తలకిందులైంది. ఇక్కడ ఉద్యోగానికి వెంటనే ముప్పు లేదు, ముప్పు కెరీర్‌కు. అడుగడుగునా ఒకటే ప్రశ్న, ఎవరితో మాట్లాడాలి? కూలిపోయేలా ఉన్న ప్రభుత్వంతో మాత్రమే మాట్లాడితే ఏం జరగబోతోందో తెలియదు. ప్రతిపక్షంతో మాట్లాడితే ఆంతరంగిక వ్యవహారాల్లో జోక్యం అంటారు, 41వ అధికరణం చూపిస్తారు. ఇరాన్‌ను రాజు షా ఏలిన కాలంలో అమెరికన్లు ఆయన నొచ్చుకుంటాడని ప్రతిపక్షానికి దూరంగా ఉన్నారు, ఫలితంగా 1978 వేసవి దాటేదాకా వాషింగ్టన్‌కు విప్లవం వాసన సరిగ్గా తగల్లేదు. ఆ నవంబర్ 9న రాయబారి విలియం సల్లివన్ షా నిలబడకపోవచ్చు, ఊహించలేనిదాన్ని ఊహించడం మొదలుపెడదాం అని టెలిగ్రామ్ పంపారు. పైవాళ్లకు అది నచ్చలేదు, ఆయన మాటకు విలువ తగ్గింది, 1979లోనే విదేశాంగ సేవ నుంచి తప్పుకున్నారు. ఆయన అంచనా నిజమైంది. అదేమీ ఆయనకు కలిసిరాలేదు.

ఢాకాలో అమెరికా కాన్సుల్ జనరల్ ఆర్చర్ బ్లడ్‌దీ అదే వరస. 1971 ఏప్రిల్ 6న, పైన చెప్పిన ఇద్దరు బెంగాలీలు ఢిల్లీలో పక్షం మారిన రోజే, తూర్పు పాకిస్తాన్‌లో జరుగుతున్న మారణకాండ మీద అమెరికా మౌనాన్ని తప్పుపడుతూ 20 మంది ఉద్యోగులు సంతకం చేసిన అసమ్మతి టెలిగ్రామ్‌ను ఆయన తన సమర్థనతో పంపారు. అధ్యక్షుడు నిక్సన్, ఆయన సలహాదారు కిసింజర్ అప్పుడు పాకిస్తాన్ ద్వారా చైనా తలుపు తడుతున్నారు, ఈ టెలిగ్రామ్ వాళ్లకు చిరాకు తెప్పించింది. బ్లడ్‌ను వెనక్కి పిలిచారు. అవార్డు ఇచ్చారు, రాయబారి పదవి మాత్రం రిటైరయ్యేదాకా ఇవ్వలేదు. దౌత్య సేవల్లో ఇది మామూలే, తప్పు అంచనాను అందరితో కలిసి వేస్తే ఎవరికీ ఏమీ కాదు, సరైన అంచనాను ఒంటరిగా వేస్తే మాత్రం ఎవరూ మర్చిపోరు.

కొన్నిసార్లు సమస్య సందేశానిది కాదు, తెచ్చినవాడిది. కె.ఎం. పణిక్కర్ 1948లో చియాంగ్ కై షేక్ చైనాకు భారత రాయబారిగా వెళ్లి, ఆ ప్రభుత్వం కూలిపోవడం కళ్లారా చూసి, 1950లో మావో చైనాకు మళ్లీ రాయబారిగా వెళ్లారు. 1950 అక్టోబర్ మొదట్లో ఒక అర్ధరాత్రి చైనా ప్రధాని చౌ ఎన్‌లై ఆయన్ని పిలిపించి, అమెరికన్ సేనలు ఉత్తర, దక్షిణ కొరియాల మధ్య గీత అయిన 38వ అక్షాంశం దాటితే చైనా యుద్ధంలోకి దిగుతుందని చెప్పారు. కబురు వాషింగ్టన్ చేరింది. కానీ పణిక్కర్ కమ్యూనిస్టుల వైపు మొగ్గిన మనిషని అక్కడ ముందే ఒక అభిప్రాయం ఉంది, బెదిరింపుగా కొట్టిపారేశారు. అదే నెలలో చైనా సేనలు సరిహద్దులోని యాలూ నది దాటి కొరియాలోకి దిగాయి. రెండు ప్రభుత్వాల దగ్గరా పనిచేసిన రాయబారికి ఈ ఇబ్బంది తప్పదు, కొత్తవాళ్ల నమ్మకం సంపాదించిన కొద్దీ బయటివాళ్ల నమ్మకం తగ్గుతుంది.

ఆ చైనాలోనే, అంతకు ఏడాది ముందు, ఇంకా విచిత్రమైన దృశ్యం. 1949 ఏప్రిల్‌లో కమ్యూనిస్టు సేనలు అప్పటి రాజధాని నాన్‌జింగ్‌కు వచ్చేసరికి అమెరికా రాయబారి లీటన్ స్టూవర్ట్ అక్కడే ఉండిపోయారు. సోవియట్ రాయబారి రోషిన్ మాత్రం పారిపోతున్న చియాంగ్ జాతీయవాద ప్రభుత్వం వెంట అంతకుముందే గ్వాంగ్‌జౌ వెళ్లిపోయారు. తలకిందులుగా రాశారేమో అనిపిస్తుంది కానీ జరిగింది ఇదే. స్టాలిన్‌కు ప్రోటోకాల్ ముఖ్యం. స్టూవర్ట్‌ది వేరే లెక్క, ఆయన పుట్టిందే హాంగ్‌జౌలో, చైనా భాష సొంత భాషలా వచ్చు, పెకింగ్‌లో, అంటే ఇప్పటి బీజింగ్‌లో, యెంచింగ్ విశ్వవిద్యాలయం నడిపారు. నాన్‌జింగ్‌లో కమ్యూనిస్టుల తరఫున విదేశీ వ్యవహారాలు చూసే హువాంగ్ హువా ఆయన కాలేజీలో చదివినవాడే. ఆ పరిచయంతో పెకింగ్ వెళ్లి మావో, చౌలతో మాట్లాడే దారి తెరుచుకుంది. వెళ్లొద్దని వాషింగ్టన్ ఆపేసింది. ఆగస్టులో ఆయన దేశం వదిలారు, 'వీడ్కోలు, లీటన్ స్టూవర్ట్' అని మావో వెటకారంగా వ్యాసం రాశాడు. ఆఖరి దాకా పాత ప్రభుత్వాన్ని అంటిపెట్టుకున్న రోషిన్‌ను మాత్రం అక్టోబర్‌లో కొత్త చైనాకు మొదటి సోవియట్ రాయబారిగా అదే మావో స్వాగతించాడు. ఎవరు ఎక్కడ నిలబడ్డారన్నది కాదు, వాళ్ల వెనక ఏ దేశం నిలబడిందన్నదే మావో చూసింది.

స్వదేశంలో ఎన్నికలతో వచ్చే మార్పు వీటితో పోలిస్తే చిన్నది, దాని మీద ఎక్కువ చెప్పడానికి లేదు. అమెరికాలో పార్టీ మనుషులైన రాయబారులు అధ్యక్షుడు మారగానే దిగిపోతారు, 2017లో ట్రంప్ బృందం ప్రమాణ స్వీకారం రోజుకల్లా ఖాళీ చేయమంది, పిల్లల చదువులు మధ్యలో ఉన్నాయన్నా వినలేదు. మనదగ్గర ఎమర్జెన్సీ ఒక్కటి చూడదగ్గది. లండన్‌లో హైకమిషనర్ బి.కె. నెహ్రూ దాన్ని విదేశాల్లో సమర్థించారు, 1977లో జనతా ప్రభుత్వం రాగానే ఆయన అధ్యాయం ముగిసింది. ఎమర్జెన్సీని వ్యతిరేకించిన న్యాయవాది నానీ పాల్కీవాలా వాషింగ్టన్‌కు రాయబారిగా వెళ్లారు. ఆ నెహ్రూనే తర్వాత కశ్మీర్ గవర్నర్‌గా ఉండి, ఫరూక్ అబ్దుల్లా ప్రభుత్వాన్ని పడగొట్టడానికి ఒప్పుకోక 1984లో బదిలీ అయ్యారు. ఒక్క పోస్టింగ్ చూసి మనిషిని తూకం వేయడం ఎంత కష్టమో ఇది చెప్తుంది.

రాజీనామా చేసి బయటపడటం అన్నిటికన్నా శుభ్రమైన దారి అనిపిస్తుంది. 1968 అక్టోబర్‌లో మెక్సికో ప్రభుత్వం విద్యార్థుల మీద కాల్పులు జరిపాక ఢిల్లీలో ఆ దేశ రాయబారి, కవి ఆక్టేవియో పాజ్ పదవి వదిలేశారు. అయితే ఆయనకు కవిత్వం ఉంది, ప్రపంచ విశ్వవిద్యాలయాలు పిలిచి కుర్చీ వేశాయి. మామూలు సెకండ్ సెక్రటరీకి ఆ సౌకర్యం ఉండదు. అధికారిక పాస్‌పోర్టు రద్దయితే వీసా పోతుంది, ఇల్లు ప్రభుత్వానిది, పిల్లల స్కూలు ఫీజు ప్రభుత్వానిది, ఊళ్లో అమ్మానాన్నలు కొత్త ప్రభుత్వం చేతికి అందేంత దూరంలో ఉంటారు. లిబియాలో 2011 ఫిబ్రవరిలో గడాఫీ మీద తిరుగుబాటు మొదలైన వారంలోనే రాయబారులు వరసగా బయటికొచ్చారు, చిన్ననాటి స్నేహితుడైన ఐరాస ప్రతినిధి షల్గమ్ కూడా భద్రతా మండలిలో గడాఫీకి వ్యతిరేకంగా మాట్లాడారు. అప్పటికే తూర్పు లిబియాలోని బెంఘాజీ నగరం గడాఫీ చేజారింది, వెళ్లి చేరడానికి ఒక చోటు ఏర్పడింది. సిరియాలో అలాంటి చోటు కుదురుగా ఏర్పడలేదు, మొదటి రాయబారి నవాఫ్ ఫారెస్ బయటికి రావడానికి ఏడాదికి పైగా, 2012 జూలై దాకా పట్టింది. 2024 డిసెంబర్‌లో అసద్ మాస్కో పారిపోయాక మాత్రం మాస్కోలోని సిరియా ఎంబసీ మీదే, అసద్ తలదాచుకున్న ఊళ్లోనే, మర్నాడే కొత్త జెండా ఎగిరింది.

ఆతిథ్య దేశం ఓపిక ఎంతకాలం ఉండగలదన్న దానికి అన్నిటికన్నా పొడవైన ఉదాహరణ బాల్టిక్ దేశాలు. 1940 వేసవిలో ఎస్టోనియా, లాట్వియా, లిథువేనియాలను సోవియట్ యూనియన్ కలిపేసుకుంది. దీన్ని గుర్తించం అని జూలై 23న అమెరికా ప్రకటించింది. దాంతో ఆ మూడు దేశాల దౌత్యవేత్తలు వాషింగ్టన్, న్యూయార్క్‌లలో హోదాతో అలాగే ఉండిపోయారు, దేశాలు లేకుండానే. అమెరికాలో స్తంభింపజేసిన వాళ్ల పాత నిల్వల నుంచి ఖర్చులు గడిచాయి, లిథువేనియా డబ్బు అడుగంటితే లాట్వియా నిధి సర్దుబాటు చేసింది. అసలు సమస్య వయసుతో వచ్చింది. 1940కి ముందు నియమించినవాళ్లనే గుర్తిస్తామని అమెరికా నిబంధన, మనుషులేమో ఒక్కొక్కరే చనిపోతున్నారు. అలా వదిలేస్తే ఎంబసీలు వాటంతటవే ఖాళీ అవుతాయని తెలిసి ఆ నిబంధనను తర్వాత సడలించారు.

ఎస్టోనియా న్యూయార్క్ కాన్సులేట్‌లో 1930ల నుంచి పనిచేసిన ఎర్న్‌స్ట్ యాక్సన్ 1965 నుంచి దాని బాధ్యత చూశారు, పాస్‌పోర్టులు ఇస్తూ, ప్రతి అమెరికా ప్రభుత్వానికీ మేం ఇంకా ఉన్నాం అని ఉత్తరాలు రాస్తూ. 1991లో ఎస్టోనియా మళ్లీ స్వతంత్రమైంది, ఆ ఏడాది చివర్లో 86 ఏళ్ల యాక్సన్ రాయబారిగా అమెరికా అధ్యక్షుడికి అధికార పత్రాలు అందించారు. లిథువేనియా తరఫున వాషింగ్టన్‌లో ఉన్న స్టాసిస్ లొజొరైటిస్ రెండో తరం మనిషి, తండ్రి 1930ల్లో ఆ దేశ విదేశాంగ మంత్రి. స్వతంత్రం వచ్చాక ఆయన 1993 ఫిబ్రవరిలో అధ్యక్ష ఎన్నికల్లో నిలబడ్డారు. ఎదుటి అభ్యర్థి సోవియట్ కాలంలో లిథువేనియా కమ్యూనిస్టు పార్టీని నడిపిన బ్రజౌస్కాస్. అన్నేళ్లు బయట దేశం పేరు నిలబెట్టిన మనిషి కంటే, మంచో చెడో తమ మధ్యే ఉన్న మనిషికే జనం ఓటేశారు, అదీ భారీ తేడాతో. లొజొరైటిస్‌ను కొత్త ప్రభుత్వం మళ్లీ రాయబారిగానే పంపింది, ఈసారి ఇటలీకి.